ఆవిరి మాటను మనుషుల్లో దాచిన మౌలాలి సారు

జమ్మలమడుగు బస్సు వచ్చే వేళకు నేను ప్రొద్దుటూరు బస్టాండులో మౌలాలి సారు కోసం నిలబడి ఉన్నాను. అది ఆయన రావలసిన రోజు. బస్సు ఇంకా లోపలికి రాకముందే ఫోన్ మోగింది. ఆయన కూతురు నూర్జహాన్.

"అన్నా, నాయన రాడు."

"ఒంట్లో బాగలేదా అమ్మా?"

"తెల్లారుజామున పోయినాడన్నా. నువ్వు బస్టాండులో నిలబడి ఉంటావని అప్పటి నుంచి అనుకుంటానే ఉండా. చెప్పేదానికి నోరు రాలేదు."

ఇంతలో బస్సు వచ్చి ఆగింది. సంగతి విన్న తర్వాత కూడా నేను దిగేవాళ్ళను ఆఖరి మనిషి వరకు చూశాను. డ్రైవరు, కండక్టరు దిగి టీకి వెళ్ళారు. ఖాళీ బస్సు ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ దిగ్భ్రాంతి ఇంకా నన్ను వదలలేదు. అదే బస్సు వెనక్కి బయలుదేరేటప్పుడు ఎక్కి జమ్మలమడుగు వెళ్ళాను.

ఆ సాయంత్రం ఆయన జనాజాకు భుజం పట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. మా వంశంలో, మా మిల్లు పనివారి ఇంటి శవాన్ని మోసిన మొదటివాణ్ణి నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. మా వాళ్ళు చాలా ఆలస్యం చేశారని చెబుతున్నాను.

షేక్ మౌలాలి గారిని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్ళు ఇంగ్లీషు ఉపాధ్యాయుడిగా ఎరుగుదురు. ఆయన చేత చెవి మెలిపెట్టించుకున్న వాళ్ళు ఈనాడు నగల దుకాణాల్లో, తహసీల్దారు కచేరీల్లో, బస్సు స్టీరింగుల వెనుక ఉన్నారు. వాళ్ళలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆయన తన జీవితంలో పెద్ద భాగాన్ని ఒకే ఒక్క మాట వెంట నడవడానికి ధారపోశారు.

లాటిన్ భాషలో ఆవిరిని 'వపోర్' అనేవారు. కుండల మీద, స్నానశాలల్లో లేచే ఆవిరికి పెట్టిన పేరది. ఆవిరితో యంత్రాలు నడిచే కాలం వచ్చాక ఆ పేరు యంత్రాలకు అంటుకుంది. ఆవిరి ఓడలతో కలిసి మధ్యధరా సముద్రపు రేవులన్నీ తిరిగింది. గ్రీకులు, తురుష్కులు దానితో ఓడను పిలిచారు. అరబ్బు దేశాల్లో ఒకచోట ఓడ, ఒకచోట రైలింజను, ఇంకోచోట వంటపొయ్యి అయింది. ఇథియోపియాలో రైలు అయింది. సోమాలీల నోట లారీ అయింది. ఇంతవరకు నిఘంటువుల్లో దొరుకుతుంది. దొరకనిది ఒకటుంది: ఒక జాతి నోటి నుంచి ఇంకో జాతి నోటికి అది ఏ రేవులో, ఏ పని మధ్యలో దాటింది అన్నది. సారు దాన్ని 'అతుకు' అనేవారు.

"నగలో బంగారం ఎవుడైనా చూస్తాడప్పా," అనేవారు, బంగారు నగల ఊరైన ప్రొద్దుటూరులో పెరిగిన వాడు గనుక. "అతుకు చూసేవాడే కంసాలి."

ఎన్నో ఏళ్ళు వెదికిన మీదట అలాంటి ఒక అతుకు ఆయన చేతికి చిక్కింది. ఓడ పేరు లారీకి ఎలా వచ్చిందో ఆయనకు తెలిసింది. ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు. నేను కలం పట్టింది ఆ దుఃఖంతోనే.

మా ఇంటి పేరు చెప్పుకుని గౌరవం అడిగే అలవాటు నాకు లేదు. కానీ మా తాతగారి పత్తి మిల్లు సంగతి చెప్పకపోతే మౌలాలి సారు ఎవరో చెప్పినట్లు కాదు. ఆ మిల్లు ఆవిరితో నడిచేది. దాని కూత విని ఊరు పొయ్యి రాజేసుకునేది. ఆ బాయిలరుకు కట్టెలు వేసిన హుసేన్ సాబు ఈయన తండ్రి. తండ్రికి అన్నం క్యారియరు తెచ్చే పిల్లవాడు బాయిలరు గది గడప మీద కూర్చుని, పైన గొట్టంలోంచి పోయే తెల్లటి ఆవిరిని చూస్తూ ఒకరోజు అడిగాడట: "అబ్బా, ఇది యాడికి పోతాది?"

"పనిచేసినాక యాడికన్నా పోతాది. నీకెందుకురా, అన్నం పెట్టు," అన్నాడట హుసేన్ సాబు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా సారు ఒక మాట చేర్చేవారు. "నేను బతుకంతా చేసింది ఏమీ లేదప్పా. మా అబ్బ చెప్పకుండా దాటేసిన దానికి జవాబు వెతుక్కోవడమే."

ఆయన మాకు ఆరో తరగతిలో ఇంగ్లీషు చెప్పారు. యజమాని మనవణ్ణని నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టలేదు, తాను బాయిలరువాని కొడుకునని వెనక్కీ తోయలేదు. తప్పు పలికినప్పుడు మాత్రం అందరినీ "అప్పా" అనే మనిషి నన్ను "సామీ" అనేవారు. మిల్లులో పనివాళ్ళు మా తాతను పిలిచిన పిలుపు అది. ఆయన నోట అది విన్నప్పుడు చెవులు ఎర్రబడేవి. తర్వాత తర్వాత ఆ పిలుపు కోసమే ఎదురు చూశాను.

కొన్నేళ్ళకు ఆయన ఇథియోపియా ప్రభుత్వం వారి బడులకు ఉపాధ్యాయులు కావాలంటే వెళ్ళారు. డిరె డావా అనే రైలు పట్టణంలో ఉద్యోగం. ఒకనాడు ఇద్దరు పిల్లలు ఆలస్యంగా వచ్చారు. ఎందుకని అడిగితే, బాబూరు పట్టాల మీద ఆగిపోయిందని ఒకడు, బాబూరు టైరు పేలిందని మరొకడు చెప్పారు. పట్టాలూ టైర్లూ ఒక్క బండికి ఎట్లా ఉంటాయి? కట్టుకథలని తేల్చి, ఇద్దరినీ ఎండలో నిలబెట్టారు. బడి బంట్రోతు వచ్చి విడిపించాడు. మొదటివాడు అక్కడి అమ్హారిక్ భాష మాట్లాడే ఇంటివాడు, వాడికి బాబూరు అంటే రైలు. రెండోవాడు సోమాలీ, వాడికి లారీ. సారు ఆ పిల్లలిద్దరి ముందు తరగతి అంతా చూస్తుండగా చేతులు కట్టుకుని క్షమాపణ చెప్పారట.

"ఇద్దురూ నిజమే చెప్పినారు. అబద్ధం ఆడింది నా చెవి," అనేవారు. ఆ మాట పుట్టింది ఆవిరిలోనని తెలుసుకున్న రోజు ఆయనకు మా బాయిలరు గది గడప గుర్తొచ్చిందట. చిన్నప్పుడు అడిగిన ప్రశ్నకు సముద్రం అవతల జవాబు మొదలైంది.

ఆయన తిరిగి వచ్చేసరికి మిల్లు లేదు. ఎట్లా పోయిందో ఇక్కడ చెప్పను, ఊరికి తెలుసు. స్థలం చేతులు మారింది, బాయిలరును ముక్కలు కోసి తీసుకెళ్ళారు, పొగగొట్టం మొదలు మాత్రం ఒక బట్టల దుకాణం వెనుక మిగిలింది. సారు నన్ను పిలుచుకుని అక్కడికి వచ్చారు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ఇటుకల మీద చెయ్యి వేసి, "మీ ఇంట్లో ఆవిరి ఉన్నింది సామీ. మూలం నీ దగ్గర పెడతాండా. జాగర్త," అన్నారు. ఆ లాటిన్ మాటను నా చేత పలికించారు.

నాకు వచ్చింది ఇంగ్లీషు పలుకు. ఆయన ఒప్పుకోలేదు.

"పెదవి కొరుక్కుంటాండావు. అది ఇంగ్లీషోని పని. వాన అను."

"వాన."

"ఆ వ ఉండాది చూడు, అదే రోమువాళ్ళ వ. దేవుడు తెలుగోనికి ఊరికే ఇచ్చినాడు, వాడుకో."

అన్నీ పోగొట్టుకున్న ఇంటివాడికి ఒక వస్తువును అప్పగించి, ఇది నీది, కాపాడు అనడం ఎంత పెద్ద దయో అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు.

ఆయన పనిచేసే పద్ధతి ఎక్కడా విననిది. మాటను కాగితం మీద పెట్టేవారు కాదు, మనిషిలో పెట్టేవారు. ఆ మాట వాడే చోట బతికి, వాడే వాళ్ళ నోటి నుంచి విన్న మనిషిని వెతికి పట్టుకునేవారు. కువైట్‌కు, లిబియాకు పోయి వచ్చిన వాళ్ళు మన వీధుల్లో కొదవా? ఒక రూపాన్ని ఒక మనిషికి అప్పగించేవారు. కొన్ని నెలలకోసారి బస్సెక్కి ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, కళ్ళు మూసుకుని, ఆ మాట పలికించుకుని వినేవారు. సరిగా ఉంటే "ఊ" అనేవారు. అంతే, లేచి వెళ్ళిపోయేవారు. వినకముందు టీ ముట్టేవారు కాదు, ఎదుటి మనిషిని తాగనిచ్చేవారు కాదు. వేడికి నాలుక మెత్తబడి మాట మారుతుందని ఆయన నమ్మకం.

ఇంకొక కట్టడి ఉండేది. ఒకరి దగ్గరున్న మాట ఇంకొకరు వినకూడదు. "పక్కపక్కన పెడితే మామిడిపండ్ల మాదిరి ఒకదాని వాసన ఇంకొకదానికి పడతాది," అనేవారు. అందుకే మేమంతా ఒకరి పేరు ఒకరికి తెలిసీ, ఎన్నడూ ఒక్కచోట కలవలేదు.

జమ్మలమడుగులో ఖాసింబీ కువైట్‌లో వంటింటి పని చేసి వచ్చిన మనిషి. చలికాలం ఆ ఇంటివాళ్ళు ఎడారిలో డేరాలు వేసుకున్నప్పుడు, వెంట వచ్చిన ఈజిప్టు వంటవాడు గాలి కొట్టి వెలిగించే కిరసనాయిలు పొయ్యిని 'వాబూర్' అనేవాడు. ఆ మాట ఆమె దగ్గర ఉండేది. ఒకసారి నేను సారును ఆమె ఇంటిదాకా దించడానికి వెళ్ళి, కట్టడి ప్రకారం వీధిలోనే నిలబడ్డాను. మాట వినబడలేదు గాని చివర వాళ్ళ గొంతులు పెద్దవయ్యాయి.

"ఇంగ టీ తాగు సారూ. నీ ఊ కోసం పాలు పొంగిపోతాండాయి."

"ఇంగోసారి పలుకు."

"ఎన్నిసార్లు? మా ఆయన పేరన్నా ఇన్నిసార్లు పలకలేదు నేను."

ఆ ఇంట్లోనే పనిచేసిన ఫిలిప్పీన్స్ అమ్మాయి ఓడను 'బాపోర్' అనేదని ఖాసింబీ ఇంకో మాట కూడా తెచ్చింది. స్పెయిన్ వాళ్ళు తూర్పు సముద్రాలకు మోసిన రూపమది. ఆ రోజు సారు పసిపిల్లవాడిలా సంతోషపడ్డారు. కానీ దాన్ని ఆమె దగ్గర ఉంచలేదు. ఒక నోట్లో రెండు ఉంచితే రెండూ చెడుతాయని తానే తీసుకున్నారు.

పులివెందులలో గేట్లు, కిటికీ చువ్వలు అతికే నరసింహులు లిబియా రేవులో వెల్డింగు చేసి వచ్చాడు. అక్కడి కూలీలు ఓడను 'బాబూర్' అనేవారు. సింహాద్రిపురంలో ఓబులేసు సరుకు ఓడల ఇంజను గదిలో పనిచేసి, ఇప్పుడు చీనీతోట, అంటే బత్తాయి తోట, చూసుకుంటున్నాడు. తురుష్క రేవుల్లో మనుషులను దాటించే ఓడను 'వాపుర్' అంటారని అతను విని తెచ్చాడు. ఇథియోపియా రైలు, సోమాలీ లారీ సారు దగ్గరే ఉన్నాయి. మూలమైన లాటిన్ మాట నా దగ్గర. ఈ నోళ్ళన్నిటి నడుమ దారి తెలిసినది ఆయన ఒక్కరికే. ఇక్కడ నేను రాసినవి నిఘంటువుల్లో చూసిన అక్షరాలే, వాళ్ళ పలుకులు కావు.

ఆయన నిజాయితీ ఎంత కఠినమో చెప్పడానికి ఒక సభ చాలు. ప్రొద్దుటూరులో జరిగిన భాషోత్సవంలో ఒక వక్త, లాటిన్ వారి వపోర్ మన 'ఆవిరి' నుంచే పోయిందని ఉద్ఘాటించారు. సభ మారుమోగింది. ముందు వరసలో కూర్చున్న నేనూ చప్పట్లు కొట్టాను. వెనుక నుంచి మౌలాలి సారు లేచారు.

"అయ్యా, శబ్దం దగ్గరైతే చుట్టరికం అయిపోదు. మా పక్కింటాయన ముక్కు అచ్చం నా ముక్కే. అట్లని మా అమ్మీని అనుమానిస్తారా?"

జనం విరగబడి నవ్వారు. నిర్వాహకులు నవ్వలేదు. ఆ తర్వాత ఏ సభకూ ఆయన్ను పిలిచినట్లు నేనెరుగను. ఇంటికి నడుస్తూ, తెలుగుకు దక్కిన గౌరవాన్ని ఎందుకు పాడుచేశారని నిలదీశాను. "మనది కానిది మనదంటే, రేపు మనది మనదని చెప్పినా ఎవురు నమ్ముతారు సామీ?" అన్నారు. పోయిన ఆస్తిని తలచుకుని బతికే ఇంట్లో పుట్టిన నాకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

కరోనా రోజుల్లో ఇంటింటికీ ముఖానికి ఆవిరి పట్టే యంత్రం వచ్చింది గదా. రాకపోకలు మొదలైన కొద్దికాలానికి సారు మూతికి గుడ్డ కట్టుకుని నా దగ్గరికి వచ్చారు. మందుల షాపు ముందు ఒక ముసలమ్మ "వేపరైజరు ఉండాదా నాయనా" అని అడగడం విన్నారట. "వచ్చేసిందప్పా మన ఊరికి," అన్నారు. కళ్ళు తడిసి ఉన్నాయి. "ఎన్ని సముద్రాలు తిరిగినా ముసల్దాని నోటికి తిన్నగా వచ్చింది. చదువుకున్నోళ్ళు తెచ్చింటే ఇంత బాగా వచ్చేది కాదు." ఆడబిడ్డ పుట్టింటికి వచ్చినంత సంబరం ఆ మనిషిది. తర్వాత ఆయన ఊపిరితిత్తులే చెడ్డాయి. ఆఖరి నెలల్లో అదే యంత్రం ఆయన మంచం పక్కన ఉండేది.

రాయండి సారూ అని నేను బతిమాలని ఏడాది లేదు. ఒకసారి కోపంగానే అన్నాను, మీరు పోతే ఇదంతా పోతుందని.

"రాస్తే నా చెవి రాస్తాదప్పా, వాళ్ళ నోరు కాదు. ఎండలో పిల్లోళ్ళను నిలబెట్టిన చెవి ఇది. దాన్ని నమ్మమంటావా?"

"మరి ఓడ లారీ ఎట్లయింది? అదన్నా చెప్పండి."

"తెలుసు. డిరె డావాలో ఒక ముసలి లారీ డ్రైవరు చెప్పినాడు. ఒక్క నోటి సాక్ష్యం చాలదు. రేవులో పనిచేసిన ఇంకొక సోమాలీ నోట్లో విన్నెంక చెప్తా."

"మీకు తెలిసింది తెలిసినట్టు చెప్పొచ్చు గదా?"

"తేలకముందే చెప్తే అది చాడీ అయితాది సామీ, చదువు కాదు."

ఆ రెండో సాక్షి కోసం గల్ఫుకు పోయే ప్రతివాణ్ణీ అడిగారు. ఫోనులో మాట్లాడిస్తామని పిల్లలు ముందుకొస్తే వద్దన్నారు. ఫోనులో ఊపిరి వినబడదని ఆయన పట్టుదల. కిందటిసారి వచ్చినప్పుడు పొగగొట్టం మొదలు దాకా నడవడానికి రెండుచోట్ల కూర్చున్నారు. నా మాట విని "ఊ" అన్నారు. వెళుతూ వెళుతూ, సోమాలీలు ఉండే జిబూటీ రేవులో పనిచేసిన ఒక మనిషి కడపకు వస్తాడని కబురు తెలిసిందని, ఈసారి వచ్చేటప్పటికి తేలుతుందని చెప్పారు. ఆ ఈసారి కోసమే నేను బస్టాండులో నిలబడింది. ఆ మనిషి ఎవరో, వచ్చాడో లేదో నూర్జహాన్‌కూ తెలియదు.

ఆయన పోయాక మిగిలినదైనా కూడబెట్టాలని నాకూ నూర్జహాన్‌కూ ఆరాటం పుట్టింది. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు ఖాసింబీని, నరసింహులును, ఓబులేసును పిలిచాం. సారు కట్టడి గుర్తు లేక కాదు. వేరువేరుగా ఉంటే ఎవరు ఎప్పుడు రాలిపోతారో అన్న భయం దాన్ని మించింది. ఓబులేసుకు ఇప్పటికే ఒకసారి పక్షవాతం వచ్చి పోయింది. నూర్జహాన్ ఫోన్‌లో గొంతులు రికార్డు చేయడానికి అన్నీ సిద్ధం చేసుకుంది.

ఫాతిహా చదవడం అయింది. భోజనాలకు ముందు ముగ్గురినీ చాప మీద కూర్చోబెట్టాం. పెద్దామె గనుక ఖాసింబీని మొదట పలకమన్నాం. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "వాబూర్. ఇదే సారూ, నువ్వు నా దగ్గర పెట్టింది. ఇంగ ఎవురికి చెప్పల్ల?" అంది.

నేను నరసింహులు వైపు తిరిగాను. "నీది చెప్పప్పా."

"బీ చెప్పినట్లే సామీ."

"ఆమెది కాదు. లిబియాలో నువ్వు విన్నది."

"అదే. వాబూర్."

"సారు నీ దగ్గర పెట్టింది అదేనా?"

నరసింహులు తల దించుకున్నాడు. "చావింట్లో పెద్దామె ఏడుస్తా ఒక మాట చెప్పినాక, కాదు నాది ఇంగొకటి అంటే బాగుంటాదా సామీ?"

ఇది మన సీమ మర్యాద. దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. మా ఇంట్లో నేర్పిందీ అదే. ఓబులేసును అడిగాను. అతనూ "వాబూర్" అన్నాడు. తురుష్క రేవు సంగతి గుర్తుచేశాను. కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. వాబు అని ఆగాడు, వాపు అని ఆగాడు, మళ్ళీ వాబూర్ దగ్గరికే వచ్చాడు.

"ఏది నాదో తెల్డంలేదు సామీ. ఇంతకుముందు ఉన్నింది. ఈమెది విన్నెంక కలిసిపాయ."

ఖాసింబీ లబలబలాడింది. "అయ్యో, నేను ఆఖర్న చెప్పల్సింది గదా. నా నోరు పడ."

"నీదేం తప్పు బీ," అన్నాడు నరసింహులు. ఆమెను ఊరడించాలని, "ఫోన్లో కొడితే అన్నీ వస్తాయిలే," అని కూడా అన్నాడు. నూర్జహాన్ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఫోన్‌లో వస్తుంది. ఏ భాషలో ఏ అక్షరాలతో రాస్తారో వస్తుంది. గాలి కొట్టి పొయ్యి వెలిగిస్తూ ఒక ఈజిప్టు వంటవాడు దాన్ని ఎట్లా లాగి పలికాడో, ఓడ కట్టుతాడు పట్టుకుని లిబియా కూలీ ఎట్లా కుదించి అరిచాడో రాదు. ఈ నాలుగు ఊళ్ళ మధ్య ఒక ముసలి ఉపాధ్యాయుడు బస్సుల్లో తిరిగి కాపాడింది అదీ. మేము ఒక్క పూటలో, ఆయన మీది ప్రేమతో, ఆయన ఇంట్లోనే కరిగించేశాం.

తర్వాత పులివెందులకు పోయి నరసింహులును దుకాణంలో ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాను. బాబూర్ అన్నాడు. వెంటనే, "ఇది లిబియాదేనో, మీరందరూ అంటాంటే నాకు తట్టిందో నేను ఒట్టేసి చెప్పలేను," అన్నాడు. సింహాద్రిపురం పోయాను. చీనీచెట్ల కింద ఓబులేసు నన్ను చూడగానే టీ చెప్పబోయి నాలుక కరుచుకున్నాడు. చాలాసేపు ప్రయత్నించాడు. చివరకు, "సారు ఉండింటే నా మొగం చూసి చెప్పేటోడు, అది కాదురా ఓబులేసూ అని," అంటూ చెట్టుకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఇద్దరం టీ తాగలేదు.

మౌలాలి సారు వంటి ఉపాధ్యాయుడు మళ్ళీ పుడతాడేమో నాకు తెలియదు. అంత నిష్ఠ, అంత నిరాడంబరత, తేలని దాన్ని తేలిందనడానికి అంత భయం ఒక్క మనిషిలో కూడటం నేను మళ్ళీ చూడను. పండితులు గ్రంథాలు వదిలిపోతారు. సంపన్నులు భవనాలు వదిలిపోతారు, నిలిచినంతకాలం. ఆయన వదిలిపోయింది మమ్మల్ని. ఆయన ఆస్తికి మేము తగిన పెట్టెలం కాలేకపోయాం. ఈ మాట రాస్తున్నప్పుడు నా తల నిటారుగా లేదు.

గల్ఫులోనో, ఆఫ్రికా రేవుల్లోనో పనిచేసి వచ్చిన వాళ్ళు ఇది చదివితే ఒక మనవి. సోమాలీ హమాలీలతో, లారీ డ్రైవర్లతో కలిసి బతికిన వాళ్ళుంటే, ఓడ పేరు చక్రాల బండి మీదికి ఎట్లా దిగిందో వాళ్ళ నోట విని ఉంటే, ప్రొద్దుటూరు రండి. బస్టాండు నుంచి బట్టల దుకాణం వెనుక ఉన్న పొగగొట్టం మొదలు దగ్గరికి నేనే పిలుచుకుపోతాను. ముందు మాట వింటాను. టీ తర్వాత.

జమ్మలమడుగు బస్సు వచ్చే వేళకు ఇప్పటికీ నేను బస్టాండుకు వెళుతున్నాను. అందరూ దిగిపోయాక పొగగొట్టం దగ్గరికి నడిచి, ఇటుకల మీద చెయ్యి పెట్టి, నా దగ్గరున్న ఒక్క మాటను పైకి పలుకుతున్నాను. వాన అనేటప్పటి వ తోనే మొదలుపెడుతున్నాను. అది ఆయన నాకిచ్చినట్లే ఉందో, రోజురోజుకూ కొంచెం కొంచెం మారుతోందో నాకు తెలియడం లేదు. పలికిన తర్వాత కాసేపు ఆగుతాను. "ఊ" అనే గొంతు లేదు.